బీటెక్ కాదు, సీఏ కాదు: లిబరల్ ఆర్ట్స్ యూనివర్సిటీలో నా బీబీఏ అనుభవం

ఇంటర్‌లో ఎంఈసీ చదివిన వాళ్లకి మా కూకట్‌పల్లి వైపు రెండే దారులు చెప్తారు. సీఏ ఫౌండేషన్ రాయి, లేదంటే దోస్త్‌లో (తెలంగాణ డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లు) బీకాం పెట్టుకో. నేను ఆ రెండూ కాకుండా ఊరి చివర ఉన్న ఒక ప్రైవేట్ యూనివర్సిటీలో బీబీఏలో చేరాను, అది కూడా లిబరల్ ఆర్ట్స్ పద్ధతిలో, అంటే ముఖ్య సబ్జెక్టుతో పాటు రకరకాల సబ్జెక్టులు చదివిస్తూ నడిచే నాలుగేళ్ల కోర్సు, మధ్యలో ఒక సెమిస్టర్ ఫ్రాన్స్‌లో చదివి వచ్చాను, ఇప్పుడు చివరి సంవత్సరంలో ఉన్నాను. ఇంటర్ పరీక్షలు అయిపోగానే చుట్టాల పిల్లలు, వాళ్ల ఫ్రెండ్స్, ముఖ్యంగా వాళ్ల అమ్మానాన్నలు ఫోన్ చేసి ఈ కోర్సు ఎలా ఉంటుంది, ఫారిన్ ఎలా పంపుతారు, ఖర్చు సంగతేంటి అని అవే ప్రశ్నలు అడుగుతున్నారు కాబట్టి ఒకేసారి రాసేస్తున్నాను. మా యూనివర్సిటీ పేరు రాయను, ఎందుకంటే మధ్యలో ఒకటి రెండు చోట్ల తిట్టాల్సి వస్తుంది.

ముందు ఈ కోర్సు ఎలా ఉంటుందో చెప్తాను. మామూలు బీబీఏలో మొదటి రోజు నుంచే అకౌంటింగ్, మార్కెటింగ్, బిజినెస్ లా అని పేపర్లు ఉంటాయి. మా దగ్గర మొదటి ఏడాదిన్నరలో దాదాపు సగం కోర్సులకి బిజినెస్‌తో సంబంధం లేదు. ఎవరు ఏ మేజర్ (ముఖ్య సబ్జెక్టు) తీసుకున్నా సరే, వ్యాసం రాయడం మీద ఒక కోర్సు, స్టాటిస్టిక్స్, ఏదో ఒక సైన్స్, ఆపైన చరిత్ర, ఫిలాసఫీ, సోషియాలజీ లాంటి వాటిలోంచి కొన్ని చేయాల్సిందే. నా మేజర్ బిజినెస్, మైనర్ అంటే రెండో సబ్జెక్టు హిస్టరీ. 2020 జాతీయ విద్యా విధానం తర్వాత నాలుగేళ్ల డిగ్రీలు మన దగ్గర చాలా చోట్ల వచ్చాయి, మూడేళ్లకే డిగ్రీ తీసుకుని వెళ్లిపోవచ్చు, ఉండిపోతే ఆనర్స్, మా దగ్గర ఆ నాలుగో ఏడాది మొత్తం ఒక థీసిస్ చుట్టూ తిరుగుతుంది.

ఈ పద్ధతి అమెరికా కాలేజీల నుంచి వచ్చిందే గానీ, అక్కడ కూడా బిజినెస్ చదువుకీ ఈ రకం చదువుకీ పేచీ ఉంది. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో వార్టన్ బిజినెస్ స్కూల్ పెట్టింది 1881లో. 1959 వచ్చేసరికి ఫోర్డ్ ఫౌండేషన్, కార్నెగీ కార్పొరేషన్ డబ్బులిచ్చి చేయించిన రెండు నివేదికలు, అక్కడి బిజినెస్ డిగ్రీలు ఉద్యోగానికి పనికొచ్చే చిట్కాలు నేర్పడంతోనే ఆగిపోతున్నాయని, పిల్లలకి మిగతా సబ్జెక్టులు కూడా చెప్పాలని గట్టిగానే అన్నాయి. మా ఫస్ట్ ఇయర్ సార్ ఈ సంగతంతా చెప్పి, "మిమ్మల్ని హిస్టరీ క్లాసులో కూర్చోబెట్టేది ఇందుకే, నా మీద కోపం పెట్టుకోకండి" అన్నారు.

ఇంట్లో మాత్రం ఈ కథలేవీ పనిచేయలేదు. మా డాడీ సనత్‌నగర్‌లో ఒక చిన్న ఫ్యాక్టరీలో స్టోర్స్ చూస్తారు. "ఫిలాసఫీ చదివితే బిజినెస్ ఎట్ల వస్తది బిడ్డా?" అన్నారు. నాకప్పుడు సమాధానం తెలీదు, సిలబస్ చదివితే బాగుంది, అంతే. అమ్మకి హాస్టల్ టెన్షన్. మా మేనమామ ఒక్కడే బ్రోషర్ మొత్తం చదివి, "ఫారిన్ పంపిస్తమని రాసిండ్రు గదా, మరి అక్కడి ఫీజు ఎవరు కడ్తరు?" అని అడిగాడు. పేరెంట్స్ అందరూ అడగాల్సిన ప్రశ్న అదే.

ఎందుకంటే గ్లోబల్ ఎక్స్‌పోజర్ అని రాసినవన్నీ ఒకటి కాదు. రెండు వారాలు దుబాయో సింగపూరో తీసుకెళ్లి రెండు కంపెనీలు, ఒక మాల్ చూపించి సర్టిఫికెట్ ఇచ్చేది ఒక రకం, దానికి విడిగా డబ్బులు కట్టాలి, నా దృష్టిలో అది టూరు, సరదాకి వెళ్లొచ్చు గానీ దాన్ని చూసి కాలేజీలో చేరకండి. ఇంకో రకంలో అక్కడి యూనివర్సిటీ ఫీజు పూర్తిగా మనమే కట్టి ఒక సెమిస్టర్ చదువుతాం, లక్షల్లో ఉంటుంది. మూడోది ఎక్స్ఛేంజ్. రెండు యూనివర్సిటీల మధ్య ఒప్పందం ఉంటుంది, వాళ్ల పిల్లలు ఇక్కడికి, మన పిల్లలు అక్కడికి, ఎవరి ఫీజు వాళ్ల సొంత యూనివర్సిటీకే. అంటే నేను ఫ్రాన్స్‌లో ఉన్నప్పుడు కూడా హైదరాబాద్ ఫీజే కట్టాను, విడిగా అయింది విమానం, అద్దె, తిండి, వీసా. ఇది నా ఒక్కదాని మాట కాదు, ఎక్స్ఛేంజ్ అన్నది మామూలుగా నడిచేది ఇలాగే. కాబట్టి అడ్మిషన్ ఆఫీసులో "ఎన్ని దేశాలతో ఒప్పందం ఉంది" అని అడగకండి, పోయిన ఏడాది బీబీఏ నుంచి ఎంతమంది ఎక్స్ఛేంజ్ మీద వెళ్లారు, ఎక్కడికి వెళ్లారు అని అడగండి. గోడ మీద జెండాలు చాలా ఉంటాయి, సీట్లు మాత్రం ఒక్కో చోటికి ఒకటో రెండో.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. ఏడున్నర లక్షల వరకు ఆస్తి తాకట్టు లేకుండా వచ్చే ఎడ్యుకేషన్ లోన్ తీసుకున్నాం, మిగతాది డాడీ పీఎఫ్, అమ్మ చిట్టీ. కోర్సు నడిచినన్ని రోజులు, ఆ తర్వాత ఒక ఏడాది కిస్తీ కట్టక్కర్లేదు, కానీ వడ్డీ ఆగదు, ఇది బ్యాంకులో గట్టిగా చెప్పరు. పాత ఆదాయపు పన్ను విధానంలో ఉన్నవాళ్లకి ఆ వడ్డీ మీద ఎనిమిదేళ్ల వరకు మినహాయింపు ఉంది. బీకాంతో పోలిస్తే ఇది చాలా ఖర్చు, దాన్ని ఏ మాటలతోనూ కప్పలేం.

ఇక చదువు. మొదటి ఏడాది నాకు బాగా గుర్తుండిపోయింది బేగంబజార్ పని. నలుగురు చొప్పున ఒక గ్రూపు, సెమిస్టర్ మొత్తం ఒక్క దుకాణాన్ని గమనించి రాయాలి. మాకు దొరికింది మసాలా దినుసులు, డ్రైఫ్రూట్స్ హోల్‌సేల్‌గా అమ్మే కొట్టు, మూడు తరాల నుంచి అదే గల్లీలో ఉన్నారు. సేఠ్ మాతో పెద్దగా మాట్లాడేవాడు కాదు, మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన గుమాస్తా ఒకాయన ఉండేవాడు, ఆయనే మాకు గురువు. సిద్దిపేట, నల్గొండ, వికారాబాద్ వైపు నుంచి చిల్లర వ్యాపారులు వచ్చి సరుకు ఉద్దెర మీద తీసుకెళ్తారు, నెలకో పండక్కో లెక్క చూసుకుంటారు, కాగితం అంటే ఒక చిన్న చిట్టీ. నగదు ఇచ్చేవాడికి ఒక రేటు, ఉద్దెర వాడికి ఇంకో రేటు, ఆ తేడా ఏ బోర్డు మీదా రాసి ఉండదు. ఎవరికి ఎంత ఉద్దెర ఇవ్వాలో ఎలా తేలుస్తారని అడిగితే ఆయన, "వాళ్ల ఊర్ల వానలు పడ్డయా లేదా చూస్తం అమ్మా, పంట ఉంటే పైసలు అవే వస్తయ్" అన్నాడు. అదే వారం అకౌంటింగ్ క్లాసులో రాని బాకీలకి ముందే కొంత పక్కన పెట్టుకోవాలని ఒక ఫార్ములా చెప్పారు, గత ఐదేళ్ల సగటు తీసి అంచనా వేయడం. ఆ ఫార్ములాలో వాన ఎక్కడుంది సార్ అని మా గ్రూపులో ఒకడు అడిగాడు. క్లాసంతా నవ్వారు గానీ సార్ నవ్వలేదు, ఆ రోజు గంటంతా దాని మీదే నడిచింది.

హిస్టరీలో అదే సమయానికి పామర్ అండ్ కంపెనీ పాఠం. 1810ల్లో హైదరాబాద్‌లో మొదలై, నిజాం సర్కారుకి భారీ వడ్డీకి అప్పులిచ్చి, అప్పటి రెసిడెంట్‌తో, అంటే నిజాం దగ్గర ఉండే బ్రిటిష్ ప్రతినిధితో, దగ్గర సంబంధాలు పెట్టుకుని, కొత్త రెసిడెంట్ మెట్కాఫ్ వచ్చి తీగ లాగితే 1820ల్లో కుప్పకూలిన బ్యాంకింగ్ సంస్థ అది. అప్పు ఇచ్చేవాడికి రాజ్యంలో చేయి ఉంటే ఏమవుతుందో చూడాలంటే ఇంతకంటే మంచి కేసు దొరకదు, పైగా మన కోఠి పక్కనే జరిగింది. బిజినెస్ వాళ్లు ఈ కోర్సుని "మార్కుల కోసం తీసుకున్నాం" అనేవాళ్లు, నేను దాని కోసమే మైనర్ మార్చుకున్నాను, అంతకుముందు సైకాలజీ అనుకున్నాను.

రెండో ఏడాది సత్యం కంప్యూటర్స్ కేసు చేశాం. హైదరాబాద్‌లో బిజినెస్ చదువుతూ సత్యం చదవకుండా బయటికి రావడం కుదరదు. 2009 జనవరి 7న ఆ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు స్వయంగా లేఖ రాసి, లేని నగదు సుమారు 5,040 కోట్లు ఉన్నట్టు ఖాతాల్లో చూపించామని ఒప్పుకున్నారు. క్లాసులో మాకు ఇచ్చిన పని నేరం గురించి కాదు, ఆ నగదు బ్యాంకులో ఉందని ఎవరు ఎవరిని అడిగి ఎలా నిర్ధారించుకోవాలి, ఆ కాగితం ఎవరి చేతుల మీదుగా రావాలి అన్నది గీసి చూపించడం. బోరింగ్‌గా అనిపించింది. ఫైనాన్స్ ఇష్టపడేవాళ్లు ఎక్సెల్ మోడళ్లు చేయించట్లేదని గొణిగారు, ఆ మాటకొస్తే అది నిజమైన లోటే, మా దగ్గర ఎక్సెల్ సరిగ్గా నేర్పలేదు, నేను ఇంటర్న్‌షిప్‌కి ముందు యూట్యూబ్ చూసి నేర్చుకున్నాను.

మూడో ఏడాది మొదటి సెమిస్టర్‌కి ఎక్స్ఛేంజ్ దొరికింది, ఫ్రాన్స్ ఉత్తరాన బెల్జియం సరిహద్దు దగ్గర ఉన్న లిల్ నగరం. ప్యారిస్ కాదా అని అందరూ అడిగారు. ప్యారిస్ అద్దెలు మాకు సరిపోవు, లిల్‌లో ఇంగ్లీషులో చెప్పే బిజినెస్ కోర్సులు కావాల్సినన్ని ఉన్నాయి, అంతే కారణం. ప్రాసెస్ ఇలా ఉంటుంది. ముందు మన యూనివర్సిటీ మన పేరు అక్కడికి పంపాలి, అక్కడి నుంచి ఒప్పుకోలు లేఖ వచ్చాక ఫ్రాన్స్‌కి వెళ్లే విద్యార్థుల వ్యవహారాలు చూసే క్యాంపస్ ఫ్రాన్స్ అనే సంస్థ ఆన్‌లైన్ ఫైల్ నింపాలి, వాళ్ల ఇంటర్వ్యూ హైదరాబాద్‌లోనే అవుతుంది, ఈ కోర్సు ఎందుకు, తిరిగొచ్చి ఏం చేస్తావు, ఖర్చు ఎవరు పెడతారు, ఇవే ప్రశ్నలు, భయపడేంత లేదు. ఆ తర్వాత వీసా దరఖాస్తులు తీసుకునే వీఎఫ్ఎస్ సెంటర్‌లో వీసా. నేను వెళ్లినప్పుడు నెలకి 615 యూరోల చొప్పున ఖర్చు పెట్టుకోగలమని బ్యాంక్ కాగితాలు చూపించాల్సి వచ్చింది, ఉండటానికి చోటు ఉందని రుజువు కావాలి. ఆరు నెలల లోపు చదువుకి వచ్చేది తాత్కాలిక లాంగ్ స్టే వీసా, దాన్ని అక్కడ పొడిగించుకోవడం కుదరదు, కాబట్టి "వెళ్లాక చూసుకుందాం" అనుకునేవాళ్లకి అది పనికిరాదు. డాడీ నా అకౌంట్‌లోకి డబ్బు చివరి వారంలో ఒకేసారి వేద్దామన్నారు, సీనియర్ అక్క ఒకామె వద్దని చెప్పింది, నెలల ముందు నుంచే బ్యాలెన్స్ కనపడేలా పెట్టమంది. అలాగే చేశాం.

వీటన్నిటికంటే ముఖ్యమైన కాగితం లెర్నింగ్ అగ్రిమెంట్. యూరప్‌లో సెమిస్టర్‌కి మామూలుగా 30 ఈసీటీఎస్ క్రెడిట్లు, అక్కడి యూనివర్సిటీలన్నీ వాడే క్రెడిట్ లెక్క అది. అక్కడి ఏ కోర్సు ఇక్కడి ఏ కోర్సుకి సమానమో వెళ్లే ముందే వరసగా రాయించి సంతకం చేయించుకోవాలి. నేను ప్రతి కోర్సుకీ డిపార్ట్‌మెంట్ నుంచి మెయిల్ తెప్పించుకున్నాను, ఎందుకో తర్వాత చెప్తాను.

లిల్‌లో దిగింది ఆగస్టు చివర. వెళ్లిన వారానికే బ్రాదరీ, సెప్టెంబర్ మొదటి శనాదివారాల్లో ఊరంతా వీధుల్లో పాత సామాను అమ్మే సంత, మన ఎర్రగడ్డ ఆదివారం సంతని నగరం మొత్తానికి పరిచినట్టు ఉంది. అక్కడి మెట్రో 1983 నుంచే డ్రైవర్ లేకుండా నడుస్తోంది, మొదటిరోజు ముందు అద్దం దగ్గర కూర్చుని వీడియో తీసి ఇంటికి పంపాను, డాడీ పదిసార్లు చూశారట. స్టూడెంట్ క్యాంటీన్‌లో నేనున్నప్పుడు ఒక పూట భోజనం 3.30 యూరోలు, వెజ్ దొరుకుతుంది గానీ ఉప్పూకారం లేకుండా. ఆదివారం చాలా కొట్లు మూసేస్తారు. డిసెంబర్‌లో సాయంత్రం ఐదు కాకముందే చీకటి పడిపోతుంది, ఆ నెల కష్టంగానే గడిచింది, ఇంతకంటే రాయడానికి ఏం లేదు.

క్లాసులు మూడు గంటలు ఒకే బిగిన, మధ్యలో కాసేపు విరామం. మార్కులు ఇరవైకి వేస్తారు, పది వస్తే పాస్. మొదటి పేపర్‌లో నాకు పదమూడు వచ్చింది, నేను ఢీలా పడి కూర్చుంటే మా గ్రూపులో మొరాకో అమ్మాయి వచ్చి కంగ్రాట్స్ చెప్పింది, అక్కడ పదహారు దాటితే చాలా గొప్ప, ఇరవైకి ఇరవై ఎవరికీ వేయరు. ఎంఈసీలో వెయ్యికి తొమ్మిది వందల డెబ్భై తెచ్చుకుని ఆ ముప్పై మార్కులు ఎక్కడ పోయాయని ఏడ్చిన మన పిల్లలకి ఇది అలవాటు కావడానికి టైమ్ పడుతుంది.

అసలు విషయం ఆడిట్ అండ్ గవర్నెన్స్ క్లాసులో జరిగింది. కేసు వైర్‌కార్డ్. జర్మనీలో పేమెంట్స్ కంపెనీ, 2020 జూన్‌లో ఖాతాల్లో ఉండాల్సిన 190 కోట్ల యూరోలు అసలు లేనే లేవని తేలింది, ఫిలిప్పీన్స్ బ్యాంకుల్లో ఉన్నాయని చెప్పిన డబ్బు, ఆ బ్యాంకులు మాకు తెలీదన్నాయి. మా గ్రూపులో జర్మన్ అబ్బాయి ఇంత పెద్ద కంపెనీలో నగదే లేకపోవడం ఎవరూ ఊహించలేనిది అన్నట్టు మాట్లాడాడు. నేను మా ఊళ్లో పదకొండేళ్ల ముందే జరిగింది అన్నాను. ప్రొఫెసర్ వచ్చే క్లాసులో రెండూ పక్కపక్కన పెట్టి చెప్పమన్నారు. సెకండియర్‌లో బోర్ కొడుతూ గీసిన ఆ బొమ్మే మళ్లీ గీశాను, బ్యాంకు ఇచ్చే ధృవీకరణ నేరుగా ఆడిటర్‌కి రావాలి, మధ్యలో కంపెనీ గానీ కంపెనీ చెప్పిన మూడో మనిషి గానీ ఉండకూడదు అన్నది. తర్వాత అసలు వాదన తేడాల మీద నడిచింది. సత్యంలో ఛైర్మన్ తనే రాసి బయటపెట్టారు, వైర్‌కార్డ్ గురించి ఫైనాన్షియల్ టైమ్స్ విలేకరులు ఏళ్ల తరబడి రాస్తే అక్కడి నియంత్రణ సంస్థ తిరిగి ఆ విలేకరుల మీదే ఫిర్యాదు చేసింది. సత్యం విషయం బయటపడ్డాక ప్రభుత్వం బోర్డుని మార్చేసి, ఏప్రిల్‌కల్లా టెక్ మహీంద్రా చేతికి వెళ్లేలా చేసింది. వైర్‌కార్డ్ వారం తిరక్కుండా దివాలా పిటిషన్ వేసింది. ఎందుకీ తేడా అని ప్రొఫెసర్ అడిగారు. సత్యంలో నగదు అబద్ధం గానీ వేలమంది ఇంజినీర్లు, పెద్ద పెద్ద క్లయింట్లు నిజం, కొనేవాడికి కొనడానికి ఏదో ఉంది అని చెప్పాను. జర్మన్ అబ్బాయి ఒప్పుకోలేదు, ప్రభుత్వం దిగకపోతే ఆ క్లయింట్లు ఎన్ని రోజులు ఉండేవాళ్లు అన్నాడు. అదీ నిజమే.

విదేశానికి వెళ్తే కాన్ఫిడెన్స్ వస్తుంది, ఇంగ్లీష్ మెరుగవుతుంది అంటారు. నాకు మాట్లాడే ధైర్యం అక్కడి గాలి వల్ల రాలేదు, చేతిలో చెప్పడానికి సరుకు ఉండటం వల్ల వచ్చింది. ఆ సరుకు హైదరాబాద్‌లో చదివిన మొదటి రెండేళ్లది. నాతో వచ్చిన ఇంకో కాలేజీ అబ్బాయి మార్కెటింగ్ ఫ్రేమ్‌వర్కులు అన్నీ నాకంటే బాగా చెప్తాడు, కానీ మీ దేశంలో ఇది ఎలా జరుగుతుంది అని అడిగినప్పుడు ఇబ్బంది పడేవాడు. ప్రతి గ్రూపులోనూ అందరూ అడిగేది అదే ప్రశ్న.

ఇంకొకటి కూడా ఉంది. లిల్ మెట్రో ఎక్కితే రూబే ఊరు వస్తుంది, ఒకప్పుడు ఉన్ని, బట్టల మిల్లులతో వెలిగిన ఊరు. మిల్లులు పోయాక అక్కడి ఒక పాత నూలు మిల్లునే 1993లో కార్మిక ప్రపంచానికి సంబంధించిన జాతీయ ఆర్కైవ్స్‌గా మార్చారు, మూతపడ్డ కంపెనీల లెక్కల పుస్తకాలు, యూనియన్ కాగితాలు అన్నీ అందులో పెట్టారు. అదే ప్రాంతం నుంచి డెకాథ్లాన్ కూడా వచ్చింది, 1976లో లిల్ పక్కనే మొదటి స్టోర్ పెట్టారు, మన దగ్గర మనం బూట్లు కొనుక్కునే ఆ డెకాథ్లానే. మిల్లులు పోయిన చోట రిటైల్ ఎలా లేచింది అని మాకు ఒక కోర్సే ఉంది. నేను ఆ ఆర్కైవ్స్‌లో తిరుగుతూ మా కాలనీ గురించి ఆలోచించాను. మాది ఆల్విన్ కాలనీ. 1942లో హైదరాబాద్‌లో మొదలై ఫ్రిజ్‌లు, గడియారాలు, బస్సు బాడీలు చేసిన కంపెనీ అది. మా ఇంటి చుట్టుపక్కల దాంట్లో పనిచేసి రిటైరైన తాతయ్యలు ఇంకా ఉన్నారు, ఏ ఒక్కరి దగ్గరా ఎవరూ కూర్చుని రాసుకోలేదు.

తిరిగొచ్చాక క్రెడిట్ల గొడవ. ఐదు కోర్సుల్లో ఒకటి మా ఎగ్జామ్ సెక్షన్ ఒప్పుకోనంది, సిలబస్ సరిపోవట్లేదని. వెళ్లే ముందు ఒప్పుకున్నది వాళ్లే. మెయిల్స్ అన్నీ ప్రింట్ తీసి పట్టుకెళ్తే, డిపార్ట్‌మెంట్ మారింది, మేడమ్ మారారు, మళ్లీ కమిటీ కూర్చోవాలి అని నెలలు తిప్పారు, చివరికి ఒప్పుకున్నారు. గ్లోబల్ అని అంత పెద్ద బోర్డు పెట్టినవాళ్లు ఇరవైకి పద్నాలుగు అంటే మన దాంట్లో ఎంతో చెప్పే పట్టిక ఒకటి తయారు చేసుకోలేకపోయారు. నాకంటే ముందు వెళ్లినవాళ్లకి పదమూడుని అరవై ఐదు శాతంగా లెక్కేసి సీజీపీఏ పడిపోయింది, అది మరీ అన్యాయం.

ఇప్పుడు థీసిస్ ఆల్విన్ మీదే. తార్నాకలో ఉన్న రాష్ట్ర ఆర్కైవ్స్‌కి యూనివర్సిటీ లేఖతో వెళ్తే చూడనిచ్చారు, నిజాం కాలం నాటి పరిశ్రమల కాగితాలు కొన్ని దొరికాయి. మిగతాది మనుషుల దగ్గరే. ఒక తాతయ్య 1991 ఆర్థిక సంస్కరణల తర్వాత పోటీ తట్టుకోలేకపోయాం అంటారు, ఆయన పక్కింట్లోనే ఉన్న ఇంకొకాయన అదంతా సాకు, అన్ని రకాల వస్తువులు ఒకేసారి చేయబోయి చెడిపోయింది అంటారు, ఇద్దరూ సాయంత్రం ఒకే బెంచీ మీద కూర్చుంటారు. ఇంటర్వ్యూలకి డాడీ కూడా వస్తున్నారు, ఫ్యాక్టరీ మాటలు నాకంటే ఆయనకే బాగా అర్థమవుతాయి.

ఎవరు చేరొద్దో కూడా చెప్పాలి. సీఏ చేయాలని గట్టిగా ఉన్నవాళ్లకి ఇది అనవసరం, బీకాం చదువుతూ సీఏ చేసుకోండి, డబ్బు మిగులుతుంది. వారానికి వంద పేజీలు చదవడం, రాయడం నచ్చనివాళ్లు రెండో నెలకే విసిగిపోతారు, మా బ్యాచ్‌లో అలా మానేసినవాళ్లు ఉన్నారు. ప్లేస్‌మెంట్‌కి వచ్చే కంపెనీలు ఇంజినీరింగ్ కాలేజీలతో పోలిస్తే తక్కువ, హయ్యెస్ట్ ప్యాకేజీ అని చెప్పేదాన్ని పట్టించుకోకండి, మీడియన్ (వరసలో సరిగ్గా మధ్యలో ఉన్నవాళ్ల జీతం) ఎంత, ఎంతమందికి వచ్చింది అని అడగండి, చెప్పకపోతే అదే జవాబు అనుకోండి. యూజీసీ జాబితాలో యూనివర్సిటీ ఉందో లేదో చూసుకోండి. అమెరికాలో మాస్టర్స్ అనుకునేవాళ్లకి మాత్రం నాలుగేళ్ల డిగ్రీ ఉపయోగం, అక్కడ చాలా చోట్ల మూడేళ్ల డిగ్రీకి చిక్కులు పెడతారు.

నాకు గచ్చిబౌలిలో ఒక లెండింగ్ కంపెనీలో రిస్క్ ఎనలిస్ట్‌గా ఆఫర్ వచ్చింది, జీతం మరీ గొప్పగా లేదు, లోన్ కిస్తీ కట్టుకుని బతకొచ్చు. ఇంటర్వ్యూలో చిన్న వ్యాపారులకి అప్పు ఇచ్చేముందు ఏం చూస్తావు అంటే నేను వాన సంగతి చెప్పాను, ఇంటర్వ్యూ చేసినాయన వర్షపాతం డేటా తాము నిజంగానే వాడతామన్నారు. థీసిస్ మార్చిలో ఇవ్వాలి. ఎక్స్ఛేంజ్ గురించి ఇంకా డౌట్లు ఉన్న జూనియర్లు నన్ను అడగండి, కానీ దానికంటే ముందు పాస్‌పోర్ట్‌కి ఫస్టియర్‌లోనే అప్లై చేసుకోండి, ఇంటర్ మెమోలో ఉన్న పేరు, ఆధార్‌లో ఉన్న పేరు, ఇంటిపేరుతో సహా ఒకేలా ఉన్నాయో లేదో చూసుకుని మరీ.